ఇంగ ఎక్కొచ్చు

మొన్న కేజీఎఫ్‌లో ఊరిగాం రైలుగేటు దగ్గర నా స్కూటరు మొరాయించింది. ఎదురుగానే మెకానిక్కు ఉండటం నా అదృష్టం. అతను కార్బురేటరు విప్పి, అందులోంచి వడ్లగింజంత ఇత్తడి ముక్క బయటికి తీసి, పెదాల మధ్య పెట్టుకుని ఉఫ్‌మని ఊది, ఆకాశానికేసి పట్టి ఒంటికంటితో చూశాడు. ఊదింది అతను. పెట్రోలు మంట పుట్టింది మాత్రం నా నాలుక మీద.

"ఏం టీచర్, తల తిరగతా ఉండాదా? ఆ బెంచీ మీద కూచోండి" అన్నాడు.

కూర్చున్నాను. తల తిరగడమేమీ లేదు, ఫిట్టరన్న గుర్తొచ్చాడు. ఆయన గుర్తొస్తే నాకు ముందు నోరు మండుతుంది, తర్వాత కళ్ళు మండుతాయి.

ఆయన పేరు నాకు తెలియదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. మేం అప్పుడున్న బేతమంగళలో అందరూ ఫిట్టరన్న అనేవాళ్ళు. ఆయన చెల్లెలు "మా అన్న" అనేది. నేనూ అన్నా అనే పిలిచాను. పిల్లల హాజరుపట్టీలో ఒక్క దీర్ఘం తప్పు పోనివ్వని దాన్ని, ఆయన్ని మాత్రం పేరు అడగాలని తోచలేదు. తోచేనాటికి అడిగే మొహం లేకపోయింది.

తెల్లదొరల కంపెనీ ఉన్నప్పుడు కేజీఎఫ్ బంగారుగనిలో ఫిట్టరుగా చేరి, గనులు సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్ళకు జబ్బుతో బయటికొచ్చినవాడు. జబ్బంటే ఆ ఊళ్ళో ఇంటికొకరికి ఉన్న జబ్బే, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము. దుమ్ము లేని చోటికి పొమ్మన్నాడట డాక్టరు. కేజీఎఫ్‌లో దుమ్ము లేని చోటు ఎక్కడ చచ్చింది? బంగారం తీసేసిన రాతిపిండిని కొండల్లా పోసిన సైనైడ్ గుట్టలు ఊరి చుట్టూ ఉండేవి. గాలి లేస్తే పళ్ళెంలో అన్నం కరకరలాడేది. అందుకని బేతమంగళలో చెల్లెలింటికి, చెరువుగాలికి వచ్చేశాడు. బస్టాండులో గోనెపట్ట పరుచుకుని కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసేవాడు.

ఇంటి నుంచి బస్టాండుకు మనం ఐదు నిమిషాల్లో పోతాం. ఆయనకు ముప్పావుగంట. దారిలో మోరీగట్టు, మైలురాయి, టీకొట్టు బెంచీ, కోత మిషను దగ్గర పడేసిన చింతమొద్దు, అన్నిటి మీదా కూర్చుని గాలి కూడగట్టుకుని లేచేవాడు. బస్సు కండక్టర్లు వాటికి ఫిట్టరన్న స్టేషన్లు అని పేరు పెట్టారు.

"ఏమన్నా, ఈ పొద్దు ఏ స్టేషన్లో ఉండావు?"

"అవుటర్లో... నిలబెట్టినారప్పా. సిగ్నలు... రావాల."

మాట కూడా అట్లాగే ఆగి ఆగి వచ్చేది. మూడు మాటలకొక ఊపిరి. అందుకేనేమో ఒక్క మాట కూడా వృథాగా వాడేవాడు కాదు. నేను చూడండి, ఊపిరి దండిగా ఉంది కాబట్టి నోరు మూయను.

ఇంకో అలవాటు ఉండేది. గనిలో నెత్తిమీద రాయి గట్టిదో విడిదో తెలుసుకోవడానికి ఇనుపకమ్మీతో తట్టి వింటారట. ఖంగుమంటే గట్టిది. బొదబొదమంటే లోపల విడిపోయిందన్నమాట, పరిగెత్తాలి. ఆ అలవాటు ఆయన వేళ్ళను వదల్లేదు. ఏది చేతికిచ్చినా మూడుసార్లు తట్టి, చెవి వాల్చి వినేవాడు. స్టవ్వు, కొబ్బరికాయ, కడవ, తలుపు, ఏదైనా సరే. ఒకసారి మా స్కూలు పోకిరి ఒకణ్ణి నేను బస్టాండులో చెవి మెలిపెట్టి తిడుతుంటే, వాణ్ణి దగ్గరికి పిలిచి నడినెత్తి మీద తట్టి విన్నాడు.

"వదిలెయ్ టీచరమ్మా. గట్టిరాయి. నీ చెయ్యే నొస్తాది" అన్నాడు. నాకు నవ్వాగలేదు.

ఆ రోజే తన రొమ్మును కూడా తట్టుకుని వినిపించాడు. పాత డబ్బాను తట్టినట్టు వచ్చింది చప్పుడు.

"ఇన్నావా? విడిపోయింది. పరిగెత్తాల. అయితే యాడికని... పరిగెత్తేది? ఇది గూడా... నా ఎంబడే వస్తాది గదా."

స్టవ్వు ఎప్పటికిస్తావన్నా అని అడిగాను నేను. అదొకటి నాకు, ఏడుపొచ్చే చోట పని మాట్లాడతాను.

స్టవ్వు ఇవ్వడం కూడా ఒక తంతే. గనిలోకి మనుషుల్ని దించే ఇనుప పెట్టెను కేజు అంటారు. దాన్ని ఏ ఫిట్టరు బాగుచేస్తే ఆ ఫిట్టరే మొదటి ట్రిప్పులో దిగాలి. తెగితే వాడితోనే తెగాలి. అది పైవాళ్ళు పెట్టిన రూలో, వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటో నాకు తెలియదు. ఆయన మాత్రం దాన్ని స్టవ్వులకు కూడా పెట్టాడు. పని ముగించి, మూడుసార్లు తట్టి, "ఇంగ ఎక్కొచ్చు" అనేవాడు. అని, దాని మీద మొదటి టీ తానే కాచుకుని తాగేవాడు. మన స్టవ్వు, మన టీపొడి, మన చక్కెర. ఆయన తాగిందాకా మనం నిలబడాలి.

"స్టవ్వెక్కి యాడికి పోతావన్నా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

"యాడికైనా పోనీ. మొదటి ట్రిప్పు నాదేనమ్మా. పేలితే... చేసినోడి మూతే కాలల్ల."

నాకిది చాదస్తంగా కనిపించేది. ఇంట్లో మా ఆయనకు చెప్పి నవ్వేదాన్ని. మా ఆయన కూడా నవ్వేవాడు. మా ఇద్దరికీ పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు, దేనికైనా నవ్వు వచ్చే రోజులు.

మా ఆయన వాటర్‌వర్క్సులో వాల్వులు తిప్పే పని చేసేవాడు. కేజీఎఫ్‌కు తాగే నీళ్ళు బేతమంగళ చెరువు నుంచే పోయేవి. ఆ నీళ్ళు తీసే టవరు చెరువు లోపల, కట్టకు బాగా దూరంలో ఉంది. కొత్తనీళ్ళు వస్తే బురద పైపుల్లోకి పోకుండా కింది వాల్వు మూసి పైది తెరవాలి. ఆ కార్తీకంలో వాన మూడురోజులు వదల్లేదు. నాలుగోరోజు తెల్లారి కాస్త తెరిపిస్తే, హరిగోలు అనే గుండ్రటి బుట్టపడవలో మా ఆయన టవరుకు పోయాడు. ఎన్నోసార్లు పోయినవాడే. నేను ఉప్మా కూడా పెట్టలేదు, వచ్చి తింటానన్నాడు.

ఆయన టవరెక్కిన కాసేపటికి గాలి లేచింది. హరిగోలు తాడు తెంచుకుని పోయి మరవ దగ్గర, నిండిన చెరువు పొర్లిపోయే చోట, ముక్కలైంది. అదైనా పర్వాలేదు, టవరు మీద కూర్చుంటే గాలి తగ్గేవరకు ఉండొచ్చు. కానీ వాల్వు చక్రం వెనక్కి తిరిగి ఆయన్ని కొట్టింది. కట్టమీద ఉన్న వాచ్‌మన్ కళ్ళారా చూశాడు. పడి, లేచి, కుడిచెయ్యి వేలాడేసుకుని ఎడమచేత్తో ఎర్రతువ్వాలు ఊపాడట. నేను కట్టమీదికి పోయేసరికి ఇంకా ఊపుతూనే ఉన్నాడు. పదిగంటల వేళకు ఊపడం ఆగిపోయింది. తువ్వాలు కమ్మీకి చుట్టుకుని అదే గాలికి కొట్టుకుంటోంది. మనిషి పడుకుని ఉన్నాడో, పడిపోయి ఉన్నాడో తెలియలేదు.

ఈతగాడు ఒకడు దూకాడు. గాలికీ నాచుకూ సగం కూడా పోలేక తిరిగొచ్చాడు. మిగిలింది దొరల పడవ. వాళ్ళు ఆదివారాలు షికారు తిరిగిన ఇనుప పడవ అది. దాని వెనక తగిలించే మోటారు ఊరిగాం గోదాములో పడి ఉంటే, వేసవిలో మా ఆయనే అడిగి తెచ్చి పంపుహౌసులో పెట్టాడు. నలుగురు మోసుకొచ్చి పడవకు తగిలించారు. ఉన్నది ఒకే డబ్బా పెట్రోలు. పోయగానే కార్బురేటరు అడుగు నుంచి ధారకట్టింది. బొట్లు కాదు, ధార. మోటారు తాడు లాగితే బుర్రుమని దగ్గి చచ్చిపోతోంది. ఆపి, మళ్ళీ పోసి, మళ్ళీ కారి, మూడోసారికి డబ్బాలో సగం పెట్రోలు చెరువు నీళ్ళ మీద రంగురంగులుగా తేలుతోంది. కేజీఎఫ్ రోడ్డు మీద వంక పారుతోంది, బస్సు లేదు. ఈ సగం డబ్బా కూడా కారిపోతే మా ఆయన దగ్గరికి పోయే దారే లేదు.

"ఫిట్టరన్నను పిలవండి" అని అరిచింది నేనే.

సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టి తెచ్చారు. కట్టకింద దిగి పది అడుగులు వేశాడో లేదో, ఒక రాయి చూసి కూర్చున్నాడు. నా ఒళ్ళు భగ్గుమంది.

"అన్నా! నా మొగుడు ఆడ చస్తా ఉండాడు. నువ్వు ఈడ గూడా స్టేషను పెట్టుకుంటివా?"

ఆయన తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు.

"గాలి... పట్టుకోనీ తల్లీ. గాలి లేకుంటే... చెయ్యి వణకతాది."

లేచి వచ్చి, మొదట చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. "బీడీలు ఆర్పండప్పా. అందరూ." ఆర్పారు. మోటారును మూడుసార్లు తట్టి విన్నాడు. భుజం మీది తువ్వాలు బండమీద పరిచాడు. పెట్రోలు వెనక్కి డబ్బాలోకి వంపించి, ఒక్కో ముక్కే విప్పి, విప్పిన వరుసలోనే తువ్వాలు మీద పేర్చసాగాడు. మరచీలల మధ్య కూడా సమానంగా ఎడం. నేను టవరును చూస్తున్నాను, తువ్వాలును చూస్తున్నాను, పళ్ళు కొరుక్కుంటున్నాను.

కార్బురేటరు కింద ఒక చిన్న గిన్నె ఉంటుంది. దాంట్లో తేలే బుడ్డి ఒకటి. పెట్రోలు నిండగానే బుడ్డి పైకి లేచి, ఒక సూదిని నొక్కి దారి మూస్తుంది. ఇదంతా ఆ రోజు నేర్చుకున్న చదువే. గిన్నె అడుగున తెల్లగా పేరుకుని ఉంది. ఆయన వేలితో తీసి, బొటనవేలితో నలిపి, పంటికింద పెట్టుకున్నాడు.

"ఇది మా ఊరి దుమ్ము. గుట్ట దుమ్ము" అన్నాడు. "సూది మూసుకోనీకుండా అడ్డం పడింది. చూస్తివా టీచరమ్మా, మోటారుకు గూడా... నా జబ్బే తగులుకొనింది." నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేవరకు అందరం నిలబడ్డాం.

"దీన్ని ఇసకలో యెవురు పెట్టినారప్పా?"

వాచ్‌మన్ నా వైపు చూసి, తల దించుకున్నాడు. "సారేనన్నా. నిలబడల్ల గదా అని... పీపాలో గుట్ట ఇసక పోసి, దాంట్లో నాటి పెట్టినాడు. తుప్పు గూడా పట్టదని చెప్పినాడు."

నిజమే. మా ఆయన నాతో కూడా చెప్పాడు, అన్నం తింటూ, గొప్పగా. గుట్ట ఇసకతో మేం అంట్లు తోముకునేవాళ్ళం, వాకిట్లో పోసుకునేవాళ్ళం, గుంతలు పూడ్చుకునేవాళ్ళం. అది చేటు చేస్తుందని ఎవరికి తోస్తుంది? "నీకు తలకాయ ఉండాది" అని నేను మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు ఆ ఇసకే మా ఆయనకూ పడవకూ మధ్య అడ్డం పడింది.

ఫిట్టరన్న టవరు వైపు ఒకసారి చూశాడు. వాచ్‌మన్ వైపు తిరిగి, "ఆ మాట... ఆయనతో అనొద్దు. యెవురూ" అన్నాడు. మా ఆయన బతికి వస్తాడన్న నమ్మకం అక్కడ ఎవరికీ లేదు. ఈయన మాత్రం వచ్చాక ఏం అనకూడదో చెబుతున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

దుమ్ము కడిగాక సూదిమొనను గోటితో తడిమి చూశాడు. "అరిగింది. అది కూచునే గుంతలో నూరల్ల" అన్నాడు.

"ఎంతసేపు?"

"అరగంట."

"అరగంటా! కడిగినావు గదన్నా, బిగించెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా."

"తొందరపడినోడు... రెండుసార్లు విప్పతాడమ్మా."

"సామెతలు వద్దు, బిగించు!" అని అరిచాను. తరగతిలో అరిచినట్టే అరిచాను. ఆయన సరేనని బిగించాడు. పెట్రోలు పోశారు. ధార ఆగింది, బొట్లు ఆగలేదు. టపటపటప. దానికి తోడు గిన్నెకూ మూతకూ మధ్య ఉండే అట్ట కూడా చినిగిపోయింది. ఇప్పుడు అక్కణ్ణుంచి కూడా కారుతోంది. నా తొందర ఖరీదు ఇంకో లోటాడు పెట్రోలు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మళ్ళీ తువ్వాలు పరిచాడు, మళ్ళీ వరుసగా పేర్చాడు.

"టీచరమ్మా, పండ్లపొడి కావాల. బట్టల సబ్బు. ఒక గట్టి అట్ట."

ఇంటికి పరిగెత్తాను. పొయ్యిమీద ఉప్మా గిన్నె మూతపెట్టి అట్లాగే ఉంది. పళ్ళు తోముకునే పండ్లపొడి డబ్బా, సబ్బుముక్క తీసుకుని, అట్టకోసం వెతికి, స్కూలు హాజరుపట్టీ అట్ట ఫర్రున చింపాను. ఇంకో రోజైతే పిల్లలచేత ఆ పనికి గోడకుర్చీ వేయించేదాన్ని.

పండ్లపొడిలో నూనెబొట్టు వేసి, సూదిని దాని గుంతలో పెట్టి రెండు వేళ్ళ మధ్య తిప్పసాగాడు. చిన్నపిల్లకు జోల పాడినట్టు మెల్లగా, ఒకే వేగంతో. తిప్పుతున్నంతసేపూ నన్ను టవరు వైపు చూడనివ్వలేదు. "ఈడ చూడు. నూరేది చూడు. గరగర తగ్గింది, ఇన్నావా?" అంటూ నా చెవిని ఇక్కడే కట్టేశాడు. తర్వాత అట్టను గిన్నె అంచుమీద పెట్టి, చిన్న సుత్తితో అంచు వెంబడే తడుతూ పోతే, అట్ట కత్తెర లేకుండానే గుండ్రంగా తెగి చేతికొచ్చింది. దానికి రెండువైపులా సబ్బు రాశాడు. సబ్బు పెట్రోలుకు కరగదట.

చివరికి ఆ వడ్లగింజంత ఇత్తడి ముక్క. దాన్ని జెట్టు అంటారు. దాంట్లో వెంట్రుకంత కన్నం. ఆ కన్నంలో ఇసకరేణువు కూర్చుంది. నోటితో ఊదాలి. ఆయన దాన్ని పెదాల దగ్గరికి తీసుకుపోయి, ఆగాడు. అంతసేపు రాయిలా ఉన్న మొహం మొదటిసారి చిన్నబోయింది.

"నా దగ్గర గాలి లేదమ్మా" అన్నాడు. "నీ దగ్గర ఉండాది. నువ్వు ఊదు."

"ఇంతమంది మొగోళ్ళు ఉండారు..."

"అందరూ బీడీ నోళ్ళే. మసి పడతాది. ఊదు తల్లీ."

పెట్రోలులో తడిసిన ఆ ముక్కను పెదాల మధ్య పెట్టుకుని ఊదాను. నాలుక భగ్గుమంది, కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన దాన్ని ఆకాశానికేసి చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఊదాను. మళ్ళీ అడ్డంగా ఊపాడు. "కడుపు నుంచి ఊదు. తిట్టేటప్పుడు వస్తాదే, అది రావాల." ఆ మాటకు కట్టమీద ఎవరో నవ్వారు కూడా. ఎన్నిసార్లు ఊదానో! పెదాలు బొబ్బలెక్కాయి. చివరికి ఆయన జెట్టును నా కంటి ముందు పట్టాడు. మబ్బుపట్టిన ఆకాశం సూదిమొనంత వెలుగుగా కనిపించింది.

బిగించి, పెట్రోలు పోసి, అందరం వంగి చూశాం. ఒక్క బొట్టు కూడా రాలలేదు. మూడుసార్లు తట్టాడు. "ఇంగ ఎక్కొచ్చు" అన్నాడు. అని, చేపలు పట్టే ఆయన ఒకరు తెడ్డు పట్టుకుని పడవలోకి దూకితే, ఆయన వెనకాలే తానూ కాలు పెట్టాడు.

"నువ్వెందుకన్నా? నీకు ఈత గూడా రాదు!" అన్నాను.

"చేసినోడు మొదటి ట్రిప్పులోనే ఎక్కాల" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

మోటారు అందుకుంది. పడవ టవరు వైపు పోతుంటే నేను ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను. సగం దారిలో చప్పుడు ఆగిపోయింది. గాలికి పడవ పక్కకు తిరిగి మరవ వైపు కొట్టుకుపోతోంది. చేపలాయన నిలబడి తెడ్డు వేస్తున్నాడు. ఫిట్టరన్న మోటారు మీద వంగి ఉన్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు ఒకసారి ఎగిరింది, మళ్ళీ ఎగిరింది. నేను కట్టమీద నిలబడి గాల్లోకే ఊదుతున్నాను, పిచ్చిదానిలా. ఉన్నట్టుండి మోటారు గట్టిగా మోగింది.

మా ఆయన్ని తెచ్చారు. ప్రాణం ఉంది. చెయ్యి మోచేతి దగ్గర నుజ్జయింది, ఒళ్ళు చల్లబడిపోయింది, "ఉప్మా..." అన్నాడు. నేను మీద పడి ఏడ్చాను. ఊరంతా మా చుట్టూ మూగింది. మంచం మీద మోసుకుపోతుంటే వెంట పరిగెత్తాను. కట్టమలుపు దగ్గర గానీ ఫిట్టరన్న గుర్తుకు రాలేదు. తిరిగి చూస్తే, ఆయన అదే రాయి మీద కూర్చుని ఉన్నాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. నేను ఆగలేదు. ఆగాల్సింది. రెండు అడుగులు వెనక్కి వేసి "అన్నా" అని ఒక్క మాట అనాల్సింది.

చేపలాయన వారానికి చెప్పాడు. "మళ్ళా దుమ్ము అడ్డం పడెనమ్మా. నేను తెడ్డు వదిలితే పడవ మరవలో పడతాది. నా చేతులు ఖాళీ లేవు. ఆయనే తీసి ఊదినాడు. రెండుసార్లు ఊదితే రాలేదు. మూడోసారికి నెత్తురు వచ్చె. తువ్వాలుతో తుడుచుకొని మళ్ళా ఊదినాడు. 'ఇంగ పోనీ' అన్నాడు. అంతే."

లేని గాలిని ఎక్కణ్ణుంచి తెచ్చి ఊదాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆస్పత్రి, చెయ్యి కోతలు, కట్లు, అట్లా రెండు నెలలు పోయాయి. తర్వాత రెండు నెలలు నా సిగ్గుతో పోయాయి. బస్టాండులో గోనెపట్ట కనిపించడం మానేసింది. నేను ఆ దారిన పోవడం మానేశాను. ధైర్యం చేసి, ఉగాదికి ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ చెల్లెలింటికి పోయాను. ఆయన పడుకోలేడు. చుట్టచుట్టిన పరుపును ఆనుకుని కూర్చునే ఉన్నాడు. రాత్రీ పగలూ అంతేనట. భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి, ఆ రోజు పడవలో ఎగిరినట్టే.

"సారు చెయ్యి?" అని అడిగాడు ముందు.

"వంగదన్నా. అయినా పనికి పోతా ఉండాడు."

"ఇసక మాట..."

"యెవురూ చెప్పలేదన్నా. పెట్రోల్లో చెత్త ఉండె అనుకుంటా ఉండాడు."

తృప్తిగా తల ఊపాడు. నేను ఇంటి దగ్గరే మాటలు కూడగట్టుకుని పోయాను. "అన్నా, నీ ఊపిరి నా మొగుడికి పోసినావు" అనాలి. "ఆ పొద్దు ఆగకుండా పోతిని, నన్ను క్షమించు" అనాలి. ఒక్కటీ రాలేదు. బొబ్బలెక్కేలా ఊదిన నోరు, ఊరంతా వినేలా అరిచిన నోరు, అప్పుడే పడిపోయింది. నా మొహం చూసి ఆయనకే జాలి వేసిందేమో, నా చెయ్యి పట్టుకుని తన రొమ్ము మీద పెట్టాడు.

"తట్టు" అన్నాడు. "నా చేతికి... సత్తువ లేదు. తట్టి చెప్పు."

మూడుసార్లు తట్టాను. చెవి వాల్చి విన్నాను. ఆయన నేర్పినట్టే విన్నాను, అదే నా ఖర్మ. నాకు బాగా తెలిసింది. బొదబొదమంది, చావు గోడ అవతలే ఉంది.

"ఎట్ల పలికింది?"

అబద్ధం చెప్పిన పిల్లల చేతులు వాచేలా కొట్టిన టీచర్ని నేను. ఆయన కళ్ళలోకి చూస్తూ, గొంతు వణక్కుండా చెప్పాను. "గట్టిగా ఉండాదన్నా. ఖంగుమంటా ఉండాది."

ఆయన పెదాలు కదిలాయి. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు.

"అయితే... ఇంగ ఎక్కొచ్చు."

ఎప్పుడూ అనే మాటే నా నోటికొచ్చింది, ఆపుకోలేకపోయాను. "ఎక్కి యాడికి పోతావన్నా?"

కళ్ళు మూసుకుని, చాలాసేపు గాలి కూడగట్టుకున్నాడు. ఇంత చిన్న మాటకు అంత గాలి కావలసి వచ్చింది.

"మొదటి ట్రిప్పు... నాదే గదమ్మా."